పొట్టివాళ్ల బాస్కెట్‌బాల్

ఆదివారం చర్చి అయ్యాక మా పాత ఆస్పత్రిలో పనిచేసే తెలుగు పిల్లలు ఇద్దరో ముగ్గురో ఢిల్లీ ద్వారకలో మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. హాస్టల్ మెస్‌లో రాజ్మా, రోటీలు తిని తిని నాలుక చచ్చిపోయిందంటారు. తిన్నాక ఎవరో ఒకరు అడుగుతారు, "ఆంటీ, ఆ గురుగ్రామ్ వాళ్లని మీ టీమ్ ఎలా ఓడించింది?" అని. వాళ్లు వినాలనుకునేది పట్టుదల కథ. రోజూ తెల్లవారకముందే లేచి పరిగెత్తాం, కన్నీళ్లు కార్చాం, గెలిచాం అని చెప్పాలి నేను. అసలు సంగతి చెప్తే వాళ్ల ముఖాలు కాస్త చిన్నబోతాయి. పట్టుదల లేదని కాదు. అది వాళ్లనుకునే చోట లేదు. రిటైరైపోయాను కాబట్టి ఇప్పుడు తీరిగ్గా, మొదటి నుంచీ రాస్తాను.

నేను ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వాస్పత్రిలో నర్సుగా చేరి, సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా దిగిపోయాను. బాపట్ల వైపు నుంచి వచ్చినదాన్ని. నర్సింగ్ చదివేటప్పుడు బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని, పెద్ద ఆటగత్తెనేం కాదు. ఆ ఒక్క అర్హతతోనే మా ఆస్పత్రి నర్సుల టీమ్‌కి కోచ్, మేనేజర్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ మోసే మనిషి, అన్నీ నేనే అయ్యాను. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా ఆస్పత్రులన్నీ కలిసి ఏటా చలికాలం చివర్లో ఒక టోర్నమెంటు పెట్టుకునేవి. మేం ఏటా వెళ్లేవాళ్లం, ఏటా ఓడిపోయి వచ్చేవాళ్లం.

ఓడిపోవడం పెద్ద విషయం కాదు. ఓడిపోయిన తీరే విషయం. గురుగ్రామ్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రి ఉంది. వాళ్ల టీమ్‌లో నర్సులు ఇద్దరుంటారేమో. మిగతావాళ్లు కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఆడి వచ్చి ఫ్రంట్ ఆఫీసులోనో, హెచ్ఆర్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు. వాళ్లలో రింగ్ కింద సెంటర్ ఆడే అమ్మాయి చెయ్యెత్తితే రింగ్‌కి జానెడు దూరంలో ఉండేది. మా కెప్టెన్ కొట్టాయం నుంచి వచ్చిన మలయాళీ సిస్టర్, ఐసీయూలో పనిచేసేది. ఆవిడ ఆ అమ్మాయి భుజం దాకా కూడా రాదు. మా టీమ్‌లో అందరిదీ ఇంచుమించు అదే కొలత. గెలిచిన ఏడాదికి ముందటి ఏడు వాళ్ల చేతిలో ముప్పై ఎనిమిది పాయింట్ల తేడాతో ఓడిపోయాం. సగం ఆట అయ్యేసరికే వాళ్ల కోచ్ జాలిపడి మంచి ఆటగత్తెల్ని బెంచి మీద కూర్చోబెట్టేశాడు. అయినా అంత తేడా వచ్చింది. స్కోర్‌బోర్డు కింద మా పిల్లలు తలలు దించుకుని నిలబడిన ఫొటో ఆస్పత్రి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

దాంతో మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, మేమంతా ఏఓ గారనే ఆయన, నన్ను పిలిచాడు. మంచివాడే. పానిపట్ మనిషి, మాట కటువు, మనసులో ఏమీ పెట్టుకోడు.

"సిస్టర్‌జీ, ప్రాక్టీసుకని సాయంత్రం డ్యూటీలు సర్దుతున్నాం. టోర్నమెంటుకి డ్యూటీ ఆఫ్ ఇస్తున్నాం. వార్డుల్లో చేతులు చాలక నేను చస్తున్నాను. మీరు వెళ్లి పరువు తీసుకుని వస్తున్నారు. ఇంకొక్క ఏడు ఇస్తాను. సెమీఫైనల్‌కి వెళ్తే సరే. లేకపోతే టీమ్ బంద్."

"పరువు కోసం ఆడటం లేదు సార్," అన్నాను.

"మరి దేనికి?"

చెప్పలేకపోయాను. ఐసీయూలో రాత్రంతా మనుషులు చనిపోతుంటే చూసి, పగలు పడుకుని లేచి, సాయంత్రం హాస్టల్ వెనక సిమెంటు కోర్టు మీదకొచ్చి బంతి నేలకేసి కొట్టే పిల్లని చూస్తేగానీ అది అర్థం కాదు. ఆ గంట లేకపోతే వాళ్లకి మిగిలేది వార్డు, ఫోను, మంచం. ఆయనతో అదంతా అనలేదు. "ఠీక్ హై సార్, సెమీఫైనల్," అని వచ్చేశాను. మెట్లు దిగుతుంటేనే తెలుసు, లాటరీ ఎలా తీసినా సెమీస్‌కి ముందో వెనకో ఆ గురుగ్రామ్ వాళ్లు తగులుతారని.

ఆ రోజు ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సర్వేల శాఖ. జీవితమంతా సగటులతో గడిపిన మనిషి. బాస్కెట్‌బాల్‌లో ఒక టీమ్‌కి ఎంతమందో కూడా ఆయనకి తెలియదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నాడు.

"వాళ్లతో ఎన్నిసార్లు ఆడారు?"

"నాలుగైదుసార్లు."

"ఎంత తేడాతో ఓడిపోయారు?"

"ఇరవై అయిదు, ముప్పై, ముప్పై ఎనిమిది... అలా."

"ఎప్పుడైనా అయిదు పాయింట్ల తేడాకి దగ్గరగా వచ్చారా?"

"లేదు."

"పోనీ అరవైతో ఓడిపోయారా?"

"అంత అధ్వాన్నంగా ఎందుకు ఆడతామండీ? ఉన్నంతలో బాగానే ఆడతాం."

"అదే మీ ఇబ్బంది," అన్నాడు. "మీరు చాలా పద్ధతిగా ఓడిపోతున్నారు. ఎప్పుడూ ఆ ఇరవై అయిదుకీ నలభైకీ మధ్యే. మీ ఆటలో ఊగుడు లేదు. ఒకరోజు అరవైతో ఓడిపోయే ఆట ఆడితే, ఇంకోరోజు ఒక పాయింటుతో గెలిచే అవకాశం వస్తుంది."

నాకు కోపం వచ్చింది. "అరవైతో ఓడిపోవడం నేర్పమంటారా పిల్లలకి?"

ఆయన చిక్కుడుకాయలు పక్కన పెట్టాడు. "చూడు. ఒక ఊళ్లో వెయ్యి మందిని అడిగితే ఆ ఊరి సంగతి నిజంగా తెలుస్తుంది. అయిదుగుర్ని అడిగితే ఏదైనా రావచ్చు. మేం ఎప్పుడూ ఎక్కువమందిని అడగాలని చూస్తాం, నిజం కావాలి కాబట్టి. మీకు నిజం అక్కర్లేదు. వాళ్లు మీకంటే మంచి ఆటగాళ్లు, ఇక్కడ అదే నిజం. ఆట ఎంత పొడుగైతే ఆ నిజం అంత ఖాయంగా బయటపడుతుంది. కాబట్టి ఆటని చిన్నది చెయ్యండి."

"ఆట టైము నా చేతుల్లో ఉందా చిన్నది చెయ్యడానికి?"

"టైము కాదు. ఎన్నిసార్లు బంతి వెయ్యాలన్నది మీ చేతుల్లో ఉంది కదా?"

ఆయనకి ఆట తెలియదు, నాకు లెక్కలు తెలియవు. ఆ వారమంతా ఇద్దరం వాదించుకుంటూనే ఉన్నాం. కూరల దగ్గర, మెట్రోలో, చర్చికి వెళ్తూ. చివరికి నాకు అర్థమైన మేరకు నా భాషలో పెట్టుకున్నాను. బంతి మన చేతికొస్తే ఇరవై నాలుగు సెకన్లలోపు రింగ్‌కి వేయాలన్నది రూలు. మేం ఎప్పుడూ అయిదారు సెకన్లలోనే గబగబా లోపలికి దూరిపోయి, ఆ పొడుగు అమ్మాయి చేతుల కింద ఇరుక్కునేవాళ్లం. ఇకమీద ఆ సెకన్లన్నీ వాడుకోవాలి. బంతి తిప్పుతూ, తిప్పుతూ, ఆఖర్లో వెయ్యాలి. అప్పుడు రెండు టీములకీ వంతులు తగ్గుతాయి. రెండోది, వేసేది దూరం నుంచి వెయ్యాలి. గీత బయట నుంచి పడితే మూడు పాయింట్లు. పడితే పడుతుంది, లేకపోతే లేదు, కానీ అక్కడ పొడుగు పనికిరాదు. మూడోది, వాళ్లు ఆడేటప్పుడు అందరం రింగ్ కిందే గుమిగూడాలి. దూరంగా ఉన్నవాళ్లని వదిలెయ్యాలి. వాళ్లని కూడా దూరం నుంచి వెయ్యమని ఊరించాలన్నమాట. వాళ్ల ఆట కూడా ఊగాలి.

టీమ్‌లో దూరం నుంచి వేసే పిల్ల ఒకతే ఉంది. ఏలూరు అమ్మాయి, కాంట్రాక్టు మీద పిల్లల వార్డులో పనిచేసేది. మా చర్చికే వచ్చేది. అందరిలోకీ పొట్టి. మిషన్ స్కూల్లో పెద్ద పిల్లలు రింగ్ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదట, అందుకని గేటు దగ్గర నుంచే వేయడం అలవాటు చేసుకుంది. నేనే ఆ పిల్లని రెండేళ్లుగా "దగ్గరికి వెళ్లి వెయ్యి" అని కసురుతూ వచ్చాను.

"ఇకమీద దూరం నుంచే వెయ్యమ్మా," అంటే నమ్మలేదు.

"పడకపోతే తిట్టరు కదా ఆంటీ?"

"పడకపోతే తిట్టను. వెయ్యకపోతే తిడతాను."

ఆ మాట అనడం తేలికే. ప్రాక్టీసులో చూస్తే, మొదటి మూడు బంతులు పడకపోతే నాలుగోది ఆ పిల్ల వెయ్యదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా పక్కవాళ్లకి పాస్ ఇచ్చేస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం చేసేవాళ్ల భయం అది. తప్పు తమ పేరు మీద పడకూడదు. ఒక సాయంత్రం అలాగే పాస్ ఇచ్చేసరికి విజిల్ వేసి బెంచి మీద కూర్చోబెట్టాను.

"నేనేం తప్పు చేశాను ఆంటీ? బంతి పోగొట్టలేదు కదా."

"అదే తప్పు. నీ ముందు ఎవరూ లేరు. వెయ్యాల్సింది నువ్వే. నువ్వు వేసి పది పోగొడితే నాకు ఇష్టమే. నీ మీదకొచ్చింది ఇంకొకళ్ల మీదకి తోస్తే ఒప్పుకోను."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కెప్టెన్ నా వైపు కోపంగా చూసింది. నేను అందరికీ వినపడేలా అన్నాను, "పడితే మీ గొప్ప. పడకపోతే నేను చెప్పానని చెప్పండి. ఎవరడిగినా సరే, ఏఓ గారడిగినా సరే." ఆ మర్నాటి నుంచి ఒకటే రూలు పెట్టాను: ఖాళీ దొరికినా వెయ్యనివాళ్లు బయట కూర్చోవాలి. వేసి పోగొట్టినవాళ్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు. చప్పట్లు కొట్టినా నేను ఊరుకునేదాన్ని కాదు. పడినదానికి సంబరం మొదలైతే పడనిదానికి దిగులు కూడా మొదలవుతుంది.

రెండు నెలలు అలా గడిచాయి. అందరికన్నా ఇబ్బంది పడింది టీమ్‌లో ఉన్న ఒక సోనీపత్ అమ్మాయి. పరుగు, బలం, మొండితనం, అన్నీ ఉన్నాయి. ఎముకల వార్డులో తొంభై కేజీల పేషెంట్లని ఒక్కతే పక్కకి తిప్పేది. కానీ దూరం నుంచి వేస్తే బంతి రింగ్‌ని వదిలేసి బోర్డు వెనక గోడకి తగిలేది. "దీదీ, నన్ను వదిలెయ్యండి, నేను వాళ్లని అడ్డుకుంటాను, చాలు," అనేది. "నువ్వు కూడా వెయ్యాలి," అనేదాన్ని. "నువ్వు వెయ్యవని తెలిస్తే నిన్ను వదిలేసి ఇద్దరు వచ్చి ఏలూరు పిల్ల మీద పడతారు."

టోర్నమెంటుకి ముందు ఘాజియాబాద్ నుంచి ఒక చిన్న ఆస్పత్రి టీమ్‌ని పిలిచి ప్రాక్టీసు మ్యాచ్ ఆడాం. వాళ్లని మేం ఎప్పుడూ సునాయాసంగా ఓడించేవాళ్లం. కొత్త పద్ధతి ఎంత బాగుందో చూద్దామని అదే ఆడించాను. రెండో మూడో తప్ప బంతులు పడలేదు. తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మా హాస్టల్ కోర్టులో, మా వాళ్లందరి ముందు.

ఆట అయ్యాక కెప్టెన్ బూట్ల లేసులు విప్పుతూ, తల ఎత్తకుండా అంది. ఆవిడ హిందీలో మలయాళం యాస నాకు ఎప్పుడూ ముద్దుగా ఉండేది, ఆ రోజు తప్ప. "సిస్టర్, ఇదివరకు పెద్దవాళ్ల దగ్గర ఓడిపోయేవాళ్లం. ఇప్పుడు చిన్నవాళ్ల దగ్గర కూడా ఓడిపోయాం. మీ మీద గౌరవంతో రెండు నెలలు నోరు మూసుకున్నాను. ఇది ఆట కాదు, జూదం."

ఇంటికెళ్లి మావారి మీద విరుచుకుపడ్డాను. ఆయన శాంతంగా విని, ఒకటే అడిగాడు.

"ఆ ఘాజియాబాద్ వాళ్లు మీకంటే మంచి ఆటగాళ్లా?"

"కాదు."

"మరి వాళ్లతో ఎందుకు ఊగారు? అక్కడ పెద్దవాళ్లు మీరే కదా. నిజం మీ వైపే ఉంది. దాన్ని బయటికి రానివ్వాలి. బలం ఎవరిదో చూసుకోకుండా ప్రతి చోటా ఊగితే మీ కెప్టెన్ అన్నది నిజమే, అది జూదమే."

అన్నం తింటూ ఆ మాట గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. నేను మందు తెలుసుకున్నాను గానీ ఎవరికివ్వాలో తెలుసుకోలేదు. మంచి నాడి ఉన్న రోగికి ఎవరూ ప్రమాదకరమైన ఆపరేషన్ చెయ్యరు. మామూలు వైద్యంతో బతకడని తేలినవాడికే చేస్తారు. ఆ సంగతి మా సర్జికల్ వార్డులో ప్రతిరోజూ చూస్తూ కూడా కోర్టు మీద మర్చిపోయాను.

మర్నాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి అదే చెప్పాను. మనకంటే తక్కువవాళ్లతో మన పాత ఆటే ఆడదాం, లోపలికెళ్లి, పద్ధతిగా. గురుగ్రామ్ వాళ్లు తగిలితే మాత్రం కొత్త ఆట. ఆ రోజు అరవైతో ఓడిపోయినా సరే, మధ్యలో మారేది లేదు.

ఐసీయూలో పనిచేసేది కాబట్టి కెప్టెన్‌కి ఆపరేషన్ మాట త్వరగా ఎక్కింది. కాసేపు బంతిని ఒళ్లో పెట్టుకుని తిప్పుతూ కూర్చుంది. "ఇది మీరు మొదటే చెప్పాల్సింది సిస్టర్," అంది.

"మొదట నాకూ తెలియదు."

"అచ్ఛా. అయితే ఆడతాను," అంది. ఒకసారి అన్నాక ఆవిడ మాట మార్చే మనిషి కాదు.

టోర్నమెంటు సాకేత్ దగ్గర ఒక స్కూలు కోర్టులో. మొదటి మ్యాచ్ మా స్థాయి టీమ్‌తోనే. పాత ఆట ఆడి గెలిచాం. రెండో మ్యాచ్, గెలిస్తే సెమీఫైనల్. ఎదురుగా గురుగ్రామ్ వాళ్లు.

ఏఓ గారు కూడా వచ్చాడు. ఆస్పత్రి కారులో, డ్రైవర్‌తో, టీ ఫ్లాస్క్‌తో. మెట్ల మీద మొదటి వరసలో కూర్చున్నాడు. వాళ్ల కోచ్ వచ్చి నాకు మర్యాదగా చెయ్యి కలిపి, "మేడమ్, ఈసారి కూడా తేడా ఎక్కువైతే మా జూనియర్లని దింపుతాను, కంగారు పడకండి," అన్నాడు. అతని మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

ఆట మొదలైంది. మా వాళ్లు బంతి పట్టుకుని తిప్పుతున్నారు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. వాళ్ల వాళ్లకి ముందు అర్థం కాలేదు, తర్వాత విసుగొచ్చింది. మెట్ల మీద నుంచి ఎవరో "ఖేలో భయ్యా, ఖేలో" అని అరిచారు. ఆఖరి సెకన్లలో ఏలూరు పిల్ల దూరం నుంచి వేసింది. పడలేదు. మళ్లీ వంతు, మళ్లీ తిప్పడం, కెప్టెన్ వేసింది, పడలేదు. అలా ఎన్ని పోయాయో. అటు వైపు పొడుగు అమ్మాయి బంతి అందుకోగానే మా వాళ్లు ముగ్గురు చుట్టూ గుమిగూడేవాళ్లు. ఆ అమ్మాయి విసుక్కుని దూరంగా ఖాళీగా ఉన్నవాళ్లకి ఇచ్చేది, వాళ్లు వేసేవాళ్లు, అవీ సగం బయటికే పోయేవి. చూడటానికి అంత అందవికారంగా ఉన్న ఆట నేను ఎన్నడూ చూడలేదు. సగం ఆటకి ఇరవై రెండు–పదకొండు. మేం పదకొండు.

విరామంలో ఏఓ గారు మెట్లు దిగి వచ్చాడు. "సిస్టర్‌జీ, ఇదేంటి? రింగ్ దగ్గరికి ఒక్కళ్లూ వెళ్లడం లేదు. భయపడుతున్నారా? చూడటానికి బాగా లేదు."

"నిజమే సార్, బాగా లేదు," అన్నాను.

పిల్లలు కూడా విన్నారు. సోనీపత్ అమ్మాయి నీళ్లు తాగి సీసా కింద పెట్టి, "దీదీ, లోపలికి వెళ్దామా? కనీసం ఫౌల్స్ మీద ఫ్రీ త్రోలైనా వస్తాయి," అంది. తక్కినవాళ్లు నా ముఖం వంక చూస్తున్నారు. ఆ క్షణం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. సరే, పాత ఆట ఆడండి అంటే ఎవరూ నన్ను తప్పు పట్టరు. పాతిక పాయింట్లతో గౌరవంగా ఓడిపోతాం, ఏఓ గారు గౌరవంగా టీమ్ మూసేస్తాడు. ఇదే ఆడండి అని, ఇలాగే బంతులన్నీ పోతే, టీమ్‌తో పాటు నా మాటా పోతుంది. ఇన్నేళ్ల ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని, నర్సులు నా మాట మీద కళ్లు మూసుకుని నడిచేవాళ్లు. ఆ నమ్మకం అటో ఇటో అయితే మళ్లీ రాదు.

"పదకొండు పాయింట్లే," అన్నాను. "పోయినేడు ఈ పాటికి ఎంత వెనకపడ్డాం?"

ఆ లెక్క అందరికీ గుర్తుంది.

"పడినవి మూడో నాలుగో, అయినా తేడా పదకొండే. నాలుగు పడితే పక్కకొచ్చేస్తాం. ఏమీ మార్చొద్దు. అవే బంతులు, అక్కడి నుంచే." ఏలూరు పిల్ల వైపు తిరిగాను. "చెయ్యి నొప్పిగా ఉందా?"

"లేదాంటీ."

"భయంగా ఉందా?"

"ఉంది."

"ఉండనీ. వెయ్యి."

నాలుగు భాగాల ఆటలో మూడోది మొదలైన కాసేపటికి ఆ పిల్ల వేసిన బంతి రింగ్‌కి తగలకుండా వలలోంచి దూసుకెళ్లింది. తర్వాతి వంతులో ఇంకోటి. కెప్టెన్‌ది బోర్డుకి తగిలి, రింగ్ మీద తిరిగి తిరిగి లోపల పడింది. అది ఆవిడ వేసినవాటిలో అధ్వాన్నమైనది, అయినా పడింది. అలా వరసగా పడుతూ పోయాయి. మధ్యలో వాళ్లు దూరం నుంచి వేసినవి పోతున్నాయి. ఆ భాగం అయ్యేసరికి ముప్పై–ఇరవై తొమ్మిది. వాళ్లు ఒక్క పాయింటు ముందు. మెట్ల మీద అరుపులు ఆగిపోయాయి. వాళ్ల కోచ్ రిఫరీ దగ్గరికెళ్లి ఏదో అంటున్నాడు. మేం టైమ్ వృథా చేస్తున్నామని. రిఫరీ భుజాలెగరేశాడు. ఇరవై నాలుగు సెకన్లలోపే వేస్తున్నాం కదా.

ఆఖరి భాగం సగమయ్యేసరికి ముప్పై ఎనిమిది–ముప్పై అయిదు, మేం ముందు. అప్పుడు వాళ్లకి ఒళ్లు తెలిసింది. దూరం నుంచి వేయడం మానేసి మళ్లీ పొడుగు అమ్మాయికే బంతి ఇవ్వడం మొదలుపెట్టారు. ముగ్గురు కాదు నలుగురు అడ్డం పడినా ఆ అమ్మాయి రెండుసార్లు బంతి రింగ్‌లో వేసేసింది. ముప్పై ఎనిమిది–ముప్పై తొమ్మిది. నిజం బయటికొస్తోందనుకున్నాను. గడియారంలో అర నిమిషం కూడా లేదు. బంతి మాది.

టైమ్ అవుట్ అడిగి ఏదైనా చెప్పాలి కోచ్ అన్నాక. నాకు చెప్పడానికి ఏమీ తోచలేదు. చెప్పాల్సిందంతా రెండు నెలలుగా చెప్తూనే ఉన్నాను. ఊరుకున్నాను.

కెప్టెన్ బంతి తిప్పుతూ సెకన్లు కరగనిచ్చి ఏలూరు పిల్లకి ఇచ్చింది. అందరికీ తెలుసు ఆ పిల్లే వేస్తుందని. ఇద్దరు పొడుగువాళ్లు మీదకొచ్చి నిలబడ్డారు. ఆ పిల్ల కనిపించలేదు నాకు, వాళ్ల చేతులే కనిపించాయి. ఆ చేతుల కిందనుంచి బంతి నేలకి తగిలి ఇటు వచ్చింది. ఈసారి ఆ పిల్ల పాస్ ఇవ్వడమే సరైన పని, ఎందుకంటే తన ముందు ఖాళీ లేదు. ఖాళీ సోనీపత్ అమ్మాయి ముందు ఉంది. గీత బయట ఒంటరిగా నిలబడి ఉంది, ఆ అమ్మాయి వేస్తే పడదని ఎదుటివాళ్లకీ తెలిసిపోయింది కాబట్టి.

బంతి పట్టుకుని ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను తల ఊపానో లేదో కూడా గుర్తులేదు. వేసింది. బంతి పైకెళ్లి, బోర్డుకి గట్టిగా తగిలి, వలలో పడింది. ఆ అమ్మాయి బోర్డుకి గురిపెట్టలేదని తర్వాత తనే చెప్పింది.

నలభై ఒకటి–ముప్పై తొమ్మిది. ఇంకా కొన్ని సెకన్లున్నాయి. వాళ్లు బంతి పొడుగు అమ్మాయికి అందించారు, మా వాళ్లందరూ వెళ్లి ఆ అమ్మాయి చుట్టూ గోడ కట్టారు. తను ఎగిరి వేసింది. అలాంటి బంతులు ఆ అమ్మాయి రోజుకి వంద వేస్తుంది, తొంభై పడతాయి. ఇది రింగ్ అంచుకి తగిలి బయట పడింది. విజిల్.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడిపోయారు. కెప్టెన్ కోర్టు మధ్యలో కూర్చుండిపోయి రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. ఏఓ గారు ఫ్లాస్క్ మర్చిపోయి కిందకి పరుగెత్తుకొచ్చాడు. "సిస్టర్‌జీ, కమాల్ కర్ దియా," అని నా చేతులు పట్టుకుని ఊపేశాడు. "టీమ్ ఎక్కడికీ పోదు. నేనున్నాను." ఆ మాట ఆయన రిటైరయ్యేదాకా నిలబెట్టుకున్నాడు, అది ఒప్పుకోవాలి.

కథ ఇక్కడితో ఆపేస్తే పిల్లలకి నచ్చుతుంది. కానీ మర్నాడు సెమీఫైనల్ ఆడాం కదా.

నోయిడా టీమ్. గురుగ్రామ్ వాళ్లంత కాకపోయినా మాకంటే బాగా పైన. కాబట్టి మళ్లీ కొత్త ఆటే. అదే తిప్పడం, అదే దూరం నుంచి వేయడం. ఏదీ పడలేదు. నిన్న పడినవన్నీ ఇవాళ పక్కనుంచి పోయాయి. వాళ్లు దూరం నుంచి వేసినవేమో టపటపా పడ్డాయి. నలభై నాలుగు పాయింట్ల తేడా. మా చరిత్రలో అంత ఘోరంగా ఎన్నడూ ఓడిపోలేదు. అయినా ఒక్కళ్లు కూడా వెయ్యడం ఆపలేదు. ఏలూరు పిల్ల ఆఖరి సెకను దాకా వేస్తూనే ఉంది, ఒకటీ పడకుండా.

ఏఓ గారు ఆ రోజు కూడా వచ్చాడు. అయిపోయాక నా పక్కన నిలబడి, నెమ్మదిగా అడిగాడు. "సిస్టర్‌జీ, ఒక మాట నిజం చెప్పండి. నిన్నటిది తుక్కాయేనా?" తుక్కా అంటే గాలివాటంగా తగిలిన దెబ్బ.

"అవును సార్, తుక్కాయే," అన్నాను.

నేను ఒప్పుకుంటానని ఆయన అనుకోలేదు. "మరి రెండు నెలలు దేనికి ప్రాక్టీసు చేశారు?" అన్నాడు.

"ఆ తుక్కా తగిలే చోట నిలబడటానికి సార్. పోయినేడు మేం అక్కడ నిలబడలేదు."

ఆయన నా వంక చూసి, తల పంకించి, కారు వైపు వెళ్లిపోయాడు. ఎంత అర్థమైందో తెలియదు.

తిరుగు మెట్రోలో సీట్లు దొరికాయి. సోనీపత్ అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. ముందు రోజు హీరోయిన్ అయి ఈ రోజు ఒక్కటీ వెయ్యలేకపోయిందని. కెప్టెన్ ఆ అమ్మాయి వీపు నిమురుతోంది. నాకూ బాధగానే ఉంది. నలభై నాలుగంటే చిన్న సంఖ్య కాదు. మళ్లీ ఫొటోలు తిరుగుతాయి. ఎదురుగా కూర్చున్న ఏలూరు పిల్ల మాత్రం తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. వేళ్లు ముడిచి, విప్పి, మళ్లీ ముడిచి.

"చెయ్యి నొప్పా?" అన్నాను.

"కాదాంటీ." అరచెయ్యి నా వైపు తిప్పింది. "నిన్న బంతి చేతిలోంచి ఎలా వెళ్లిందో ఇవాళ కూడా అలాగే వెళ్లింది. అన్నీ బాగానే వేశాను. ఏ తేడా లేదు." తర్వాత, తనకి తానే చెప్పుకుంటున్నట్టు, "పడలేదంతే," అంది.

సోనీపత్ అమ్మాయికి తెలుగు రాదు. ఏడుపు ఆపి, "ఏమంటోంది దీదీ?" అని అడిగింది. హిందీలో చెప్పాను. ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని, ఏలూరు పిల్ల పక్కకి జరిగి, "నీది సరే. నాది ఎక్కడ తప్పుతోందో రేపు చూపించు," అంది.